ఢిల్లీ చూడ్డానికి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఢిల్లీకి వచ్చి పద్నాలుగేళ్లయింది. తెనాలి నుంచో హైదరాబాద్ నుంచో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. టికెట్ బుక్ చేసిన రోజు నుంచే ఫోన్లు మొదలవుతాయి: "అక్కడ దొంగలెక్కువటగా?", "రాత్రి దిగితే ఎలా?", "మాకు హిందీ రాదే!" చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, ఇలా రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గర ఆగి చదువుకోండి.

## బయలుదేరే ముందు

టీవీలో చూస్తే భయమేస్తోంది. ఢిల్లీ నిజంగా అంత ప్రమాదమా?

టీవీలో చూపించే నేరాలు వేరు, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకు సాధారణంగా జరిగే నష్టం వేరు. ఇన్నేళ్లలో మా ఇంటికొచ్చినవాళ్ల మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు. కానీ రెండు ఫోన్లు, ఒక పర్సు పోయాయి. ఒక కుటుంబమైతే అక్కర్లేని టూర్ ప్యాకేజీకి తొమ్మిది వేలు కట్టింది. అన్నీ పట్టపగలే జరిగాయి. ముంచేవాడు ఎప్పుడూ నవ్వుతూ, సాయం చేస్తానంటూ వస్తాడు. అందుకే అందరికీ ఒక్క మాట చెబుతాను: దారి అడగాల్సి వస్తే ఎవర్ని అడగాలో మీరే ఎంచుకోండి. పిలవకుండా వచ్చి దారి చెప్పేవాడి వెంట వెళ్లకండి. కొట్లో కూర్చున్నవాళ్లను, మెట్రో సిబ్బందిని, పిల్లలతో వెళ్తున్నవాళ్లను అడిగితే ఢిల్లీవాళ్లు ఓపిగ్గానే చెబుతారు.

ఏ నెలలో వస్తే ఇబ్బంది తక్కువ?

ఫిబ్రవరి, మార్చి బాగుంటాయి. మే, జూన్‌లలో ఎండ 45 డిగ్రీలు కూడా దాటుతుంది, పెద్దవాళ్లను తీసుకురాకండి. దీపావళి తర్వాత నవంబర్‌లో గాలి పాడైపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ నెల మానుకోవడమే మంచిది. డిసెంబర్ చివర్లో, జనవరిలో చలితో పాటు పొగమంచు. రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, ఒక్కోసారి విమానాలు రద్దవుతాయి. అప్పుడు వస్తే ఢిల్లీలో రైలు దిగి రెండు గంటల్లో ఇంకో రైలెక్కేలా ప్లాన్ వేసుకోవద్దు.

ఒరిజినల్ ఆధార్ కార్డు వెంట తేవాలా?

ఒక్కరికి ఒక్క ఒరిజినల్ గుర్తింపు కార్డు చాలు. పాన్, ఓటరు కార్డు అన్నీ ఒకే పర్సులో పెట్టుకుని రావడం వల్ల పర్సు పోతే అన్నీ పోతాయి. డిజిలాకర్‌లో ఉన్న ఆధార్ రైల్లోనూ ఎయిర్‌పోర్టులోనూ చెల్లుతుంది. హోటల్లో జిరాక్స్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. డబ్బు మాత్రం ఇద్దరి దగ్గర విడివిడిగా ఉంచండి.

పహార్‌గంజ్‌లో హోటల్ చవగ్గా దొరుకుతోంది. తీసుకోవచ్చా?

కుటుంబంతో వచ్చేవాళ్లకు నేను న్యూఢిల్లీ స్టేషన్ పక్కనున్న పహార్‌గంజ్ సందుల్లోని హోటళ్లు చెప్పను. అక్కడివన్నీ చెడ్డవని కాదు. రాత్రి పదకొండుకు సూట్‌కేసులు లాక్కుంటూ ఆ సందుల్లో వెతకడమే పెద్ద ఇబ్బంది. కరోల్ బాగ్ కొంచెం నయం, మెట్రో దగ్గర. ఎక్కడైనా సరే, గదిలో దిగగానే మెట్లు ఎటున్నాయో, కిటికీ తెరుచుకుంటుందో లేదో చూడండి. 2019 ఫిబ్రవరిలో కరోల్ బాగ్‌లోని ఒక హోటల్లో తెల్లవారుజామున మంటలు లేచి 17 మంది చనిపోయారు. అప్పటి నుంచి నేను పై అంతస్తులో, కిటికీ లేని గది ఎంత చవగ్గా వచ్చినా వద్దంటున్నాను.

ఇంకొకటి. హోటల్ ఫోన్ నంబర్ నెట్‌లో వెతికితే దొరికేదల్లా ఆ హోటల్‌ది కాకపోవచ్చు. "రూమ్ కన్ఫర్మ్ చేయాలి, ఐదు వేలు పంపండి" అని నకిలీ నంబర్ల మీద మోసాలు జరుగుతున్నాయి. బుకింగ్ యాప్‌లో ఉన్న నంబర్‌కే చేయండి.

మాకు హిందీ రాదు. మోసపోతామేమో?

హైదరాబాద్ హిందీ వచ్చినా చాలు. వాళ్లు నవ్వుతారు, మనకు పని అవుతుంది. అదీ రాకపోతే మూడు ముక్కలు నేర్చుకోండి: "నహీ చాహియే" (వద్దు), "మీటర్ సే చలో" (మీటర్ మీద పోనీ), "పులీస్ కో బులాఊఁ?" (పోలీసుల్ని పిలవనా?). మొదటిది నడుస్తూ, ముఖం చూడకుండా అనాలి. మనవాళ్లు ఆగి, చిరునవ్వు నవ్వి, "వద్దు బాబూ, మాకు ఆల్రెడీ ఉంది" అని వివరిస్తారు. అలా ఆగారంటే అవతలివాడు వదలడు.

## దిగిన రోజు

న్యూఢిల్లీ, ఓల్డ్ ఢిల్లీ, నిజాముద్దీన్... అన్నీ ఒకటేనా?

వేర్వేరు స్టేషన్లు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీకి వస్తాయి. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్, సికింద్రాబాద్ రాజధాని హజ్రత్ నిజాముద్దీన్ దగ్గరే ఆగిపోతాయి. ఓల్డ్ ఢిల్లీ అనేది చాందినీ చౌక్ పక్కన ఉన్న పాత స్టేషన్. మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు రైలు నంబర్‌తో పాటు స్టేషన్ పేరు కూడా పూర్తిగా చెప్పండి.

న్యూఢిల్లీలో ఒకటో ప్లాట్‌ఫారం పహార్‌గంజ్ వైపు, 16వది అజ్మేరీ గేట్ వైపు. మెట్రో ఉన్నది అజ్మేరీ గేట్ వైపే. తెలియక పహార్‌గంజ్ వైపు బయటికొచ్చేస్తే అక్కడి గుంపు మీ సామానుకు చెయ్యేస్తుంది. దిగగానే వంతెన ఎక్కి 16 వైపు నడవండి.

స్టేషన్లో ఒకాయన మెడలో కార్డు వేసుకుని మా టికెట్ చూసి "ఇది చెల్లదు" అన్నాడు. నిజమా?

అబద్ధం. మా బాబాయికి జరిగింది ఇదే. ఆగ్రా రైలెక్కడానికి స్టేషన్ మెట్ల దగ్గరికి వెళ్తే, నీటుగా ఉన్న ఒకతను టికెట్ అడిగి తీసుకున్నాడు. ఫోన్లో ఏదో చూసి "ట్రైన్ క్యాన్సిల్, రిఫండ్ గవర్నమెంట్ టూరిస్ట్ ఆఫీసులో ఇస్తారు" అని ఆటో ఎక్కించాడు. ఆ ఆఫీసు గోడ మీద భారతదేశం మ్యాపు, టేబుల్ మీద జెండా, అంతా సర్కారు ఆఫీసులాగే ఉందట. గంటలో తొమ్మిది వేలకు కారు ప్యాకేజీ అంటగట్టారు. వాళ్లెక్కాల్సిన రైలు సమయానికే వెళ్లిపోయింది.

రైలు ఉందో లేదో 139కి ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. స్టేషన్ గుమ్మం దగ్గర టికెట్ ఎవరి చేతికీ ఇవ్వకండి. రైల్వే సిబ్బందికి చూపించాల్సి వస్తే మీ చేతిలోనే పట్టుకుని చూపించండి. కన్నాట్ ప్లేస్ చుట్టుపక్కల "టూరిస్ట్ ఇన్‌ఫర్మేషన్" బోర్డులు బోలెడు కనిపిస్తాయి. కేంద్ర పర్యాటక శాఖ అసలు ఆఫీసు 88, జన్‌పథ్‌లో ఉంది.

ఆటో అతను "మీ హోటల్ మూసేశారు, వేరే చూపిస్తా" అంటున్నాడు. ఏం చేయాలి?

అక్కడే దిగిపోండి, లేదా అతని ముందే హోటల్‌కు ఫోన్ చేయండి. ఫోన్ తను చేసి ఇస్తానంటే ఒప్పుకోవద్దు. అవతల "అవును, మూసేశాం" అనేది వాడి మనిషే. రోడ్డు బందైందని, అల్లర్లు జరుగుతున్నాయని కూడా చెబుతారు. వేరే హోటల్‌కు తీసుకెళ్తే వాళ్లకు కమీషన్, మీకు రెట్టింపు అద్దె.

ఢిల్లీ ఆటోలు మీటర్ మీద వస్తాయా?

అడిగితే పదిమందిలో ఇద్దరు వస్తారు. 2023 జనవరిలో సవరించిన లెక్క ప్రకారం మొదటి కిలోమీటరున్నరకు 30 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 11. రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా పావు వంతు ఎక్కువ. బేరమాడేటప్పుడు ఈ లెక్క మనసులో ఉంటే ఎంత ఎక్కువ అడుగుతున్నాడో తెలుస్తుంది. పెద్ద స్టేషన్ల బయట ట్రాఫిక్ పోలీసుల ప్రీపెయిడ్ బూత్ ఉంటుంది. అక్కడ డబ్బు కట్టి స్లిప్ తీసుకుంటే గొడవ లేదు. ఆ స్లిప్ గమ్యం చేరాకే డ్రైవర్‌కు ఇవ్వండి. ముందే ఇచ్చేస్తే సగం దారిలో దింపేసినా అడగలేరు.

విమానం అర్ధరాత్రి దిగుతుంది. ఎలా వెళ్లాలి?

మెట్రో దాదాపు రాత్రి పదకొండుకు ఆగిపోతుంది. అప్పటిలోపు దిగితే మూడో టెర్మినల్ నుంచి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ ఇరవై నిమిషాల్లో న్యూఢిల్లీ చేరుస్తుంది. ఒకటో టెర్మినల్‌కు మెజెంటా లైన్ ఉంది. అర్ధరాత్రి అయితే యాప్ క్యాబ్ గానీ ప్రీపెయిడ్ ట్యాక్సీ గానీ. ఎక్కేముందు నంబర్ ప్లేటు సరిచూసి, లైవ్ లొకేషన్ ఇంటికి పంపండి. లోపల తిరుగుతూ "ట్యాక్సీ, ట్యాక్సీ" అని చెవిలో గొణిగేవాళ్లతో మాటలొద్దు.

## ఊరు తిరిగేటప్పుడు

మెట్రోలో జేబుదొంగలు ఉంటారా?

ఉంటారు. మెట్రో ఢిల్లీలో అన్నిటికంటే సురక్షితమైన ప్రయాణమే. సీఐఎస్ఎఫ్ తనిఖీ, కెమెరాలు ఉన్నాయి. కానీ రాజీవ్ చౌక్, కశ్మీరీ గేట్, చాందినీ చౌక్ స్టేషన్లలో తలుపు తెరుచుకునే ఆ పది సెకన్ల తోపులాటే వాళ్ల పని వేళ. ఫోన్ వెనక జేబులో, పర్సు బ్యాగు బయటి అరలో ఉంటే పోయినట్టే. బ్యాగు వీపు మీంచి తీసి ముందుకు వేసుకోండి. చంకలో పసిపిల్లతో ఉన్న ఆడమనిషి దొంగ కాదని అనుకోకండి, ఆడవాళ్ల ముఠాలు కూడా తరచూ పట్టుబడుతుంటాయి. తనిఖీలో బ్యాగు యంత్రంలోకి వెళ్లాక, అది అవతల బయటికొచ్చేసరికి మీ మనిషి ఒకరు అక్కడ ఉండేలా చూసుకోండి.

కన్నాట్ ప్లేస్‌లో నా బూటు మీద పేడ పడింది, వెంటనే ఒకడు తుడుస్తానని వచ్చాడు. ఇదేం విచిత్రం?

పేడ వేసింది వాడో వాడి జతగాడో. ఇది ఢిల్లీలో చాలా పాత ఆట. తుడిచాక వందలు అడుగుతాడు. మీరే కాగితంతో తుడుచుకుని వెళ్లిపోండి. ఎర్ర తలపాగా కట్టుకుని చెవులు శుభ్రం చేస్తామనేవాళ్లూ అక్కడే తిరుగుతుంటారు. చెవిలోంచి రాయి తీశామని చూపించి డబ్బు గుంజుతారు. చెవి పోతే అసలుకే మోసం.

కారు అద్దం కొట్టి "ఆయిల్ కారుతోంది" అన్నారు. ఆగాలా?

ఆగొద్దు. వాళ్లను ఇక్కడ ఠక్ ఠక్ గ్యాంగ్ అంటారు. ఒకడు అద్దం తట్టి టైరో ఇంజనో చూపిస్తాడు. డ్రైవర్ దిగగానే ఇంకొకడు అవతలి తలుపు తీసి సీటు మీది బ్యాగు లాగేస్తాడు. రోడ్డు మీద పది రూపాయల నోట్లు చల్లి "మీ డబ్బు పడిపోయింది" అనడం ఇంకో రకం. తలుపులు లాక్ చేసి, బ్యాగులు కాళ్ల దగ్గర పెట్టుకోండి. నిజంగా అనుమానముంటే పెట్రోల్ బంకు దాకా వెళ్లి చూసుకోవచ్చు.

నేను ఐదొందలు ఇచ్చాను, కొట్టువాడు వంద చూపించి "ఇంకా ఇవ్వండి" అంటున్నాడు. పొరపాటు నాదేనా?

కాకపోవచ్చు. నోటు మార్చేయడం చేతివాటం ఉన్నవాళ్లకు క్షణం పని. నోటు ఇచ్చేటప్పుడు "యే పాఁచ్ సౌ" అని గట్టిగా అనండి. అంతే, వాడు వెనక్కి తగ్గుతాడు.

యూపీఐతో కడితే భయం లేదా?

చాలావరకు లేదు, చిల్లర గొడవ కూడా తప్పుతుంది. స్కాన్ చేశాక తెర మీద వచ్చిన పేరు కొట్టువాడిని అడిగి సరిచూసుకోండి. ఎవరైనా "డబ్బు వాపసు వేస్తా, పిన్ కొట్టండి" అంటే అక్కడే ఆగిపోండి. మనకు డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

అక్షరధామ్‌కు ఫోన్ తీసుకెళ్లనివ్వరట. అందరం తప్పిపోతే?

ఫోన్, కెమెరా, బ్యాగు అన్నీ బయట క్లోక్‌రూమ్‌లో ఇవ్వాలి. వస్తువులు భద్రమే. అసలు చిక్కు లోపల: ఒకరికొకరు ఫోన్ చేసుకోలేరు. మా అత్తయ్య గంటన్నర సేపు కనిపించక అందరం కంగారు పడ్డాం. ఆవిడ మాత్రం క్యాంటీన్‌లో టీ తాగుతోంది! లోపలికి వెళ్లగానే ఒక చోటు అనుకోండి, విడిపోతే అక్కడికే వచ్చి కదలకుండా నిలబడాలని పిల్లలకూ చెప్పండి. క్లోక్‌రూమ్ టోకెన్ ఎవరి దగ్గరుందో కూడా అందరికీ తెలియాలి. సోమవారం మూసి ఉంటుంది.

"ఈరోజు ఎర్రకోట మూత, నేను వేరే చోటు చూపిస్తా" అంటే నమ్మాలా?

సోమవారమైతే నిజమే చెప్పాడు, కానీ వాడి వెంట మాత్రం వెళ్లొద్దు. మిగతా రోజుల్లో చాలావరకు అబద్ధమే. ఎర్రకోట, లోటస్ టెంపుల్ సోమవారం ఉండవు. తాజ్‌మహల్ శుక్రవారం ఉండదు. కుతుబ్ మినార్, హుమయూన్ సమాధి అన్ని రోజులూ తెరిచే ఉంటాయి. టికెట్లు ఫోన్లో ముందే తీసుకుంటే క్యూ దగ్గర తిరిగే బ్రోకర్లతో పని లేదు.

ఆగ్రాకు కార్లో వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చా?

వేసవిలో సరే. డిసెంబర్, జనవరిలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద రాత్రీ తెల్లవారుజామూ ప్రయాణం వద్దు. పొగమంచులో ఒక బండి ఆగితే వెనక వచ్చేవన్నీ గుద్దుకునే ప్రమాదాలు అక్కడ జరుగుతుంటాయి. నిజాముద్దీన్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ పొద్దున బయలుదేరి గంటా నలభై నిమిషాల్లో ఆగ్రా చేరుస్తుంది. శుక్రవారం నడవదు, తాజ్ కూడా ఆ రోజే కదా మూత. కారు డ్రైవర్ "పాలరాతి ఫ్యాక్టరీ ఒక్కసారి చూడండి" అంటే అది కమీషన్ కొట్టు.

## రాత్రి, ఆడవాళ్లు, పిల్లలు

మేం ముగ్గురం ఆడవాళ్లమే వస్తున్నాం. రాత్రి బయటికి వెళ్లొచ్చా?

దాచిపెట్టి చెప్పను. జాతీయ నేర గణాంకాల్లో మహిళలపై నేరాల కేసులు మెట్రో నగరాల్లో ఢిల్లీలోనే ఎక్కువగా నమోదవుతూ వస్తున్నాయి. పగలు ఎక్కడికైనా హాయిగా వెళ్లండి. రాత్రి తొమ్మిది దాకా ఇండియా గేట్, కన్నాట్ ప్లేస్ జనంతో ఉంటాయి. ఆ తర్వాత మెట్రో స్టేషన్ నుంచి హోటల్‌కు నడక వద్దు, అది అరకిలోమీటరైనా సరే. నంబర్ లేని వ్యాన్లు, "రండి రండి, సీట్లున్నాయి" అని పిలిచే ప్రైవేటు బస్సులు ఎక్కొద్దు. 2012 డిసెంబర్ నాటి ఘోరం అలాంటి బస్సులోనే జరిగింది. మెట్రోలో రైలు వెళ్లే దిశలో మొదటి పెట్టె ఆడవాళ్లది, ప్లాట్‌ఫారం మీద గులాబీ రంగు గుర్తు ఉంటుంది. గుంపులో ఎవడైనా రాసుకుంటూ నిలబడితే మనవాళ్లలా సర్దుకుని పక్కకు జరగకండి. గట్టిగా అరవండి. ఢిల్లీ ఆడవాళ్లు అరుస్తారు, చుట్టూ ఉన్నవాళ్లూ తోడొస్తారు. ఆపదలో 112, మహిళల కోసం 181.

పిల్లలు తప్పిపోతే?

చాందినీ చౌక్ లాంటి చోట పిల్లల జేబులో మీ నంబర్ రాసిన కాగితం పెట్టండి. మెడలో బంగారు గొలుసు తీసేయండి. పొద్దున బయలుదేరేముందు అందరికీ కలిపి ఒక ఫోటో తీయండి. ఏ రంగు చొక్కా వేసుకున్నాడని పోలీసు అడిగితే కంగారులో ఎవరికీ గుర్తురాదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

హోటల్ గదిలో చలికి బొగ్గుల కుంపటి ఇస్తామన్నారు. మంచిదేనా?

వద్దే వద్దు. ఇక్కడ దాన్ని అంగీఠీ అంటారు. తలుపులు మూసుకుని కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దానికి వాసన ఉండదు. ఢిల్లీ చలికాలంలో ఈ చావుల వార్తలు వస్తూనే ఉంటాయి. ఇంకో దుప్పటి అడగండి.

## ఏదైనా జరిగితే

ఫోన్ పోయింది. ముందు ఏం చేయాలి?

ముందు బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి చెప్పి యూపీఐ, కార్డులు ఆపించండి. తర్వాత సిమ్ బ్లాక్. ఆ తర్వాతే పోలీసులు. చాలామంది ఇది తలకిందులు చేస్తారు: స్టేషన్లో రెండు గంటలు కూర్చుంటారు, ఈలోగా డబ్బు పోతుంది. ఖాతాలోంచి ఇప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ. పోలీసు ఫిర్యాదు నంబర్ చేతికొచ్చాక, సంచార్ సాథీ అనే కేంద్ర ప్రభుత్వ సైట్‌లో ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఫోన్‌ను బ్లాక్ చేయవచ్చు. ఆ నంబర్ బయలుదేరేముందే *#06# కొట్టి రాసిపెట్టుకోవాలి. నేను ఇంత చెప్పినా మావాళ్లలో ఒక్కరూ రాసుకోలేదు.

రేపే మా రైలు. కేసు పెట్టడానికి ఆగాలా?

అక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వచ్చు. మీ ఊళ్లో దిగాకైనా సరే. వస్తువు పారేసుకున్నదైతే ఢిల్లీ పోలీసుల సైట్‌లో లాస్ట్ రిపోర్ట్ తీసుకోవచ్చు. కానీ దొంగిలించారని తెలిసీ "పోయింది" అని రాయకండి, రెండూ వేర్వేరు. రైల్లో దొంగతనమైతే టీటీఈని అడిగితే ఫిర్యాదు ఫారం ఇస్తారు, మధ్యలో దిగక్కర్లేదు.

తెలుగు మాట్లాడేవాళ్లు సాయానికి దొరుకుతారా?

ఇండియా గేట్ దగ్గర అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్, దాని పక్కనే తెలంగాణ భవన్ ఉన్నాయి. మనవాళ్లు చాలామందికి అక్కడి క్యాంటీన్ భోజనమే తెలుసు. అవి ఢిల్లీలో మన రెండు రాష్ట్ర ప్రభుత్వాల కార్యాలయాలు. ఉక్రెయిన్ నుంచి విద్యార్థులు వచ్చినప్పుడు దించుకుని ఊళ్లకు పంపింది అక్కడి సిబ్బందే. ఆసుపత్రిలో చేరడం, మనిషి తప్పిపోవడం లాంటి పెద్ద ఆపద వస్తే అక్కడికి వెళ్లి చెప్పుకోండి. పర్యాటకుల హెల్ప్‌లైన్ 1363 కూడా ఉంది, హిందీలోనూ ఇంగ్లిషులోనూ మాట్లాడవచ్చు.

## తిరుగు ప్రయాణం

రైలు ప్లాట్‌ఫారం చివరి నిమిషంలో మార్చారు. పరుగెత్తాలా?

వద్దు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి కుంభమేళా రద్దీలో న్యూఢిల్లీ స్టేషన్లో తొక్కిసలాట జరిగి 18 మంది చనిపోయారు. మెట్ల మీద జనం ఒక్కసారి కదిలితే వెనక్కి రావడానికి ఉండదు. పండగ రోజుల్లో, ముఖ్యంగా దీపావళి, ఛఠ్, హోలీ ముందు, గంటన్నర ముందే స్టేషన్ చేరండి. మెట్లు నిండిపోయి ఉంటే గోడవారగా నిలబడి ఆ అల తగ్గేదాకా ఆగండి. పిల్లలను ఎత్తుకోండి, సామాను కూలీకి ఇవ్వండి. ఎర్ర చొక్కా, చేతికి ఇత్తడి బిళ్ల ఉన్నవాడే లైసెన్స్ కూలీ. బిళ్ల నంబర్ చూసుకుని, రేటు ముందే మాట్లాడుకోండి. రైలు తప్పిపోతే పోయేది టికెట్ డబ్బులే, మర్నాడు మా ఇంట్లో ఇంకో పూట భోంచేసి వెళ్లొచ్చు.